తెర వెనక ఏడు శనివారాలు

ఆరేళ్ళుగా ఒక మాటను గొంతులో పెట్టుకుని తిరుగుతున్నాను. మింగలేను, కక్కలేను. శనివారం వస్తోందంటే శుక్రవారం పొద్దుటి నుంచే గుండెదడ. డాక్టరు బీపీ మాత్ర పెంచి, ఉప్పు తగ్గించమన్నాడు. ఉప్పు ఏం చేసింది పాపం? మీరెవరో నాకు తెలీదు, నేనెవరో మీకు తెలీదు. అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్ళకు చెప్పే ధైర్యమే ఉంటే ఇన్నేళ్ళు ఎందుకు ఆగుతాను?

మాది అమెరికాలో పిస్కాటవే అనే ఊరు. మా ఇంటి బేస్‌మెంట్‌లో పదిహేనేళ్ళుగా ప్రతి శనివారం సాయంత్రం భజన జరుగుతుంది. ముప్పై నలభై మంది వస్తారు. పాటలయ్యాక నైవేద్యం. దేవుడికి నివేదించేటప్పుడు ఎవరి కంటా పడకూడదని తెర వేస్తాం కదా, ఆ తెర వేసేది నేను. వెనక ఉండేదీ నేనొక్కదాన్నే. గిన్నెల చుట్టూ నీళ్ళు తిప్పి, మంత్రం చెప్పి, గంట కొట్టి తెర తీస్తాను. పెద్దవాళ్ళు అక్కా అంటారు, పిల్లలు ఆంటీ అంటారు. ఆ పెద్దరికం నాకు ఇష్టం. ఇష్టమని ఒప్పుకోవడానికి కూడా ఇప్పుడు సిగ్గుగానే ఉంది.

మొదట్లో నైవేద్యం మా ఇంట్లోనో, నాలాగే మడి కట్టుకుని వండే మరో ఇద్దరి ఇళ్ళలోనో తయారయ్యేది. మిగతావాళ్ళు తెచ్చినవి పక్క బల్ల మీద, అందరూ పంచుకు తినే పాట్‌లక్ భోజనం కింద పెట్టేవాళ్ళం. ఇక్కడ పుట్టిన పిల్లలు పెద్దవాళ్ళయ్యాక దీన్ని ప్రశ్నించారు. అందరికన్నా ముందు మా అమ్మాయే. దేవుడు అందరివాడని పాడుతూ వంట మాత్రం మూడిళ్ళదే అంటే ఏం న్యాయం అని అందరి ముందూ అడిగింది. రెండు వారాలు వాదులాడుకున్నాం. చివరికి ఎవరైనా తేవచ్చని తేల్చారు. నేనూ చెయ్యెత్తాను. అంత ఆచారం పాటించే మనిషి ఎంత పెద్దమనసుతో ఒప్పుకుందో అని అందరూ మెచ్చుకున్నారు. మా అమ్మాయి వచ్చి కౌగిలించుకుంది.

ఆ తరువాత కొన్ని నెలలకు వచ్చింది సుగుణ.

వాళ్ళది గుంటూరు దగ్గర పల్లె. ఇక్కడ హాస్పిటల్‌లో నర్సు. భర్త రవి సాఫ్ట్‌వేర్. మెత్తటి మనిషి సుగుణ, పాట తెలియకపోయినా వెనక కూర్చుని తాళం వేసేది. నేను ఆమె ఇంటిపేరు విన్నాను, ఊరు విన్నాను, వాళ్ళమ్మ ఆదివారం చర్చికి వెళ్తుందని ఆమే చెబితే విన్నాను. విని, నాలో నేను ఒక నిర్ణయానికొచ్చేశాను. ఏ నిర్ణయమో తెలుగువాళ్ళకు విడమరిచి చెప్పక్కర్లేదు. పైకి మాత్రం రామ్మా, కూర్చోమ్మా అన్నాను.

రవికి కాలేయంలో కాన్సర్ అని తెలిసిన నెలలో ఆమె మొక్కుకుంది. ఏడు శనివారాలు చక్కెర పొంగలి నైవేద్యం పెడతానని. ఏ వారం ఎవరు తెస్తారో రాసుకునే మా షీట్‌లో ఏడు వారాలకూ పేరు రాసుకుంది. మొదటి శనివారం గిన్నెను రెండు చేతులా పట్టుకుని మెట్లు దిగి వచ్చి నాకు అందించింది. తీసుకున్నాను. తెర వేశాను.

ఎప్పుడూ ఇక్కడే ఆగిపోతాను. ఇది రాస్తూ కూడా మూడుసార్లు లేచి వెళ్ళాను.

తెర వెనక ఆ గిన్నెను దించి బల్ల కింద, భజన పుస్తకాల పక్కన పెట్టాను. మిగతావాటి చుట్టూ నీళ్ళు తిప్పాను. గంట కొట్టాను. తెర తీసేముందు దాన్ని మళ్ళీ పైకెత్తి అన్నిటి మధ్యలో పెట్టాను. అంతే. సుగుణ కళ్ళకద్దుకుని తీసుకుంది, తన చేత్తో అందరికీ పంచింది. దేవుడికి పెట్టని అన్నాన్ని ప్రసాదమని అంతమంది చేత తినిపించాను. నాకు మాత్రం షుగర్ ఉందని చెప్పి వద్దన్నాను.

ఏడు వారాలూ ఇదే. మొదటి వారం తెర అంచులు రెండుసార్లు సరిచూసుకున్నాను. నాలుగో వారానికి చూసుకోనేలేదు. అది తలుచుకుంటేనే ఇప్పుడు భయమేస్తుంది.

ఎందుకు చేశాను? మైల తగిలితే ఇంటికి కీడని చిన్నప్పటి నుంచి వింటూ పెరిగినదాన్ని, శవాల్ని ముట్టుకునే ఉద్యోగం ఆమెది, ఆమె మనసు నొప్పించకుండా అటు ఆచారమూ చెడకుండా రెండూ నిలబెట్టానని చెప్పుకునేదాన్ని, తెలివైన పని చేశానని లోలోపల మురిసిపోయేదాన్ని కూడా. కానీ మా భజనకు ఇద్దరు డాక్టర్లు వస్తారు. వాళ్ళిళ్ళ నుంచి వచ్చిన గిన్నెలు నేనెప్పుడూ కిందికి దించలేదు. మరి దాన్ని మడి అంటారా? నేను అనలేను.

ఏడో శనివారం అయిన పది రోజులకు స్కాన్ తీశారు. జబ్బు ఊపిరితిత్తులకూ పాకింది. ఆ ఆదివారం మధ్యాహ్నం సుగుణ మా ఇంటికొచ్చింది. నేను వంటింట్లో చిక్కుడుకాయలు ఒలుస్తున్నాను. కుర్చీ లాక్కుని కూర్చుని తనూ రెండు కాయలు తీసుకుంది.

"అక్కా, ఒక్క మాట అడగనా? ఆ ఏడు వారాల్లో నా వల్ల ఏమన్నా తప్పు జరిగిందా? నాకు మీ పద్ధతులు పూర్తిగా తెలీవు. మీరు దగ్గరుండి పెట్టారు కదా, మీకైతే తెలుస్తుంది."

నా ప్రాణం పోయింది. దీనికి తెలిసిపోయిందా? బల్ల కింద గిన్నె ఎవరైనా చూశారా? ఆమె మొహంలో అనుమానమేమీ లేదు. నన్నే నమ్ముకుని అడుగుతోంది. నా తప్పు బయటపడకూడదంటే తప్పు ఇంకెక్కడో ఉండాలి, అంతే తోచింది నాకు.

"తప్పని కాదు సుగుణా. రెండు మూడు వారాలు డ్యూటీ నుంచే వచ్చావు కదా. హాస్పిటల్ అంటే అన్నీ ఉంటాయి. అందుకే మనవాళ్ళు మడి అంటారు."

"స్నానం చేసే వండాను అక్కా." చేతిలో కాయ బల్ల మీద పెట్టేసింది. "కార్‌లో నా డ్యూటీ బట్టల బ్యాగ్ ఉండేది. గిన్నె దాని పక్కనే పెట్టాను. నాకు తట్టలేదు."

నేను కాదనలేదు. చిక్కుడుకాయలు ఒలుస్తూనే ఉన్నాను. ఆమె వెళ్ళేటప్పుడు నా కాళ్ళకు దణ్ణం పెట్టింది.

రెండు నెలలకు రవి పోయాడు.

ఆ జబ్బు ఎటు పోతుందో డాక్టర్లు ముందే చెప్పారు. నేను చేసినదానికీ అతని కాలేయానికీ సంబంధం లేదని తెలుసు. తెలిసినా, తెర వేసిన ప్రతిసారీ నా కళ్ళు బల్ల కిందికే పోతాయి. మొక్కు చెల్లకపోతే కీడు జరుగుతుందని నమ్మితే నేను ఒక మనిషి చావుకు కారణమైనదాన్ని. నమ్మకపోతే ఆ గిన్నెను దించడానికి కారణమే లేదు. ఎటు తిరిగినా నేనే దొరుకుతాను. చెప్పేస్తే ఆమెకు ఇంకా బాధ కదా అని చాలాకాలం సర్దిచెప్పుకున్నాను. ఆమె బాధ గురించి నాకంత పట్టింపే ఉంటే ఆ ఆదివారం అలా మాట్లాడేదాన్నా?

సుగుణ భజన మానలేదు. మెట్ల దగ్గర కూర్చుంటుంది. ఏమీ తేదు. హారతి పళ్ళెం తన దగ్గరికొస్తే ముట్టుకోకుండా పక్కవాళ్ళ వైపు చూపిస్తుంది. వంట అందరిదని మేం తేల్చుకున్న చోట ఆమెను దూరం పెట్టినవాళ్ళెవరూ లేరు. తనంతట తనే దూరం జరిగిందని అందరూ అనుకుంటారు, పాపం భర్త పోయిన దిగులు అంటారు. నేనూ తలూపుతాను.

పోయిన శనివారం మా అమ్మాయి, ఇప్పుడు షీట్ చూసేది తనే, సుగుణ దగ్గరికెళ్ళి ఈసారి మీరే తెర వెనక నైవేద్యం పెట్టాలి ఆంటీ అని చెయ్యి పట్టుకుంది. సుగుణ చెయ్యి వెనక్కి లాక్కుంది.

"వద్దమ్మా, నా చెయ్యి మంచిది కాదు. మీ అమ్మగారికి తెలుసు."

గిన్నెలు కడిగేటప్పుడు మా అమ్మాయి తన వచ్చీరాని తెలుగులో అడిగింది, నీకేం తెలుసు అమ్మా అని. కుళాయి చప్పుడులో వినపడనట్టు ఉండిపోయాను. తను మళ్ళీ అడగలేదు. కానీ నాలుగు రోజులుగా నన్నే చూస్తోంది. ఈ శనివారం లోపు మళ్ళీ అడుగుతుంది. అప్పుడు నా నోటి నుంచి ఏం వస్తుందో నాకే తెలీదు. చిక్కుడుకాయల దగ్గర వచ్చినట్టే ఇంకో అబద్ధం వస్తుందేమోనని భయం. నిజం వస్తే ఆ పిల్ల ఇక నా మొహం చూస్తుందా? అదీ భయమే.

మీరు నన్ను క్షమించాలని అడగడం లేదు. అది మీ చేతుల్లో లేదు. ఆరేళ్ళలో ఒక్కసారైనా ఈ మాటను పూర్తిగా, మధ్యలో ఆపకుండా అనాలనుకున్నాను. ఇప్పుడే తలుపు వేసుకుని పైకి చదువుకున్నాను. గొంతు నాది కానట్టు ఉంది. భయం పోలేదు, కానీ ఊపిరి లోపలి దాకా వెళ్ళింది.

సుగుణ చెయ్యి మంచిదే. ఏడు వారాలూ పొంగలి తెచ్చింది. పెట్టనిది నేను.