పెండ్లి కారుకు రేసు క్లచ్

మొన్న మా మేనకోడలి పెండ్లిల నేను చేసిన ఘనకార్యం మీ దాక వచ్చే ఉంటది. రాకపోతే నా నోటితోనే వినండి, వేరేటోళ్ళు చెప్తే ఇంకో రెండు కలిపి చెప్తరు. కాలు ఎందుకు కుంటుతున్నవ్ అని అడిగినోళ్ళకు బాత్‌రూమ్‌ల జారిన అని చెప్తున్న. అబద్ధం. జారింది బాత్‌రూమ్‌ల కాదు, నిండు పెండ్లిల నా ఇజ్జత్ జారింది.

తొర్రూర్ల నాది ఎరువులు, పురుగుమందుల దుకాణం అని మీకు ఎరుకే. నా ఎర్ర కారు గూడ ఎరుకే. పాతదే, కాని పెద్ద పెట్రోల్ ఇంజన్, పొడుగు బానెట్, గేర్లు చేతితోని వేసేది. ఫోన్ల అమెరికా మజిల్ కార్ల వీడియోలు చూసి చూసి, నాది గూడ అదే జాతి అని నాకొక నమ్మకం. మా ఇంటామెకు ఆ నమ్మకం లేదు. అది ఉరుకంగ ఎన్నడు చూడలే, పూలదండలు ఏసుకొని మెల్లగ నడువంగనే చూసిన అంటది. ఆమె మాట నిజమే. మా చుట్టాలల్ల ఎవరి పెండ్లి అయినా ఎదురుకోళ్ళకు పెండ్లికొడుకును కూసోబెట్టేది నా కార్లనే. ముందల బ్యాండ్, డ్యాన్సులు, ఎనుక నత్తనడకన నా మజిల్ కారు.

ఈ పెండ్లి మా అక్క బిడ్డ శ్రావణిది. మా దిక్కు మేనమామ పెండ్లిపిల్లను గంపల కూసోబెట్టి మండపానికి తేవాలె. ఇప్పుడు నలుగురు కలిసి పట్టుకుంటున్నరు గని, శ్రావణి ఐదేండ్ల పిల్లప్పుడు ఒక పెండ్లిల గంప చూసి, మామా నన్ను గూడ గిట్ల తెస్తవా అని అడిగింది. నేనొక్కన్నే ఎత్తుకొస్త బిడ్డా అని మాటిచ్చిన. ఆ పిల్ల ఆ మాట మర్వలే. ప్రతి రాఖీకి గుర్తు చేస్తది. అందుకని నెల ముందు నుంచి దుకాణంల యూరియా బస్తాలు ఎత్తి దించి ప్రాక్టీస్ చేసిన. నా తయారీ అంత పక్కా అన్నట్టు.

ఇరవై రోజులు ఉన్నదనంగ కారు క్లచ్ జారుడు మొదలుపెట్టింది. ఎక్సలేటర్ తొక్కితే ఇంజన్ అరుస్తది, బండి ఈడ్చుకుంట నడుస్తది. ఇంక నేను వీడియోల మీద పడ్డ. పెర్ఫార్మెన్స్ క్లచ్ అని ఉంటదట. స్టేజ్ వన్, టూ, త్రీ. నంబర్ పెరిగినకొద్ది పట్టు ఎక్కువ. స్టేజ్ త్రీ ప్లేటుకు మామూలు లైనింగ్ ఉండదు, గట్టి బటన్లు ఉంటయి, రేసులోళ్ళు వాడుతరు. నా మనసు అక్కడనే ఆగింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పకుంటే నాకు నిద్ర పట్టది. ఆ దినమే దంతాలపల్లి చంద్రయ్య దుకాణానికి వచ్చి, మిరప తోటకు ఉన్నదాంట్ల గట్టి మందు ఇయ్యి సేటు, డబుల్ డోసు కొడ్త అన్నడు. పదిమంది ముందల ఆయనకు క్లాసు పీకిన. "పురుగును చూసి మందు, తోటను చూసి డోసు. గట్టిది కొడితే పురుగు కంటె ముందు చెట్టు పోతది చంద్రయ్యా" అని. పాపం తలకాయ ఊపి మామూలు మందే తీసుకపోయిండు. నేను షట్టర్ దించి, సక్కగ జనగామ పోయిన, స్టేజ్ త్రీ కోసం.

జనగామల యాకూబ్ భాయ్ ముప్పై ఏండ్ల మెకానిక్. ఆయన నన్ను ఒక్కటే అడిగిండు.

"సేటు, బండి ఏం పని చేస్తదో ముందు చెప్పు. ఏ ప్లేటు ఏసుకోవాల్నో నేను చెప్త."

పెండ్లిళ్ళకు నడుస్తది అని చెప్పనీకె సిగ్గనిపించింది. హైవే మీద ఉరికిస్త భాయ్ అని చెప్పిన. ఆయన బానెట్ సందుల ఇరుక్కున్న ఎండిన బంతిపూల రెక్కలను చూసిండు. తర్వాత నన్ను చూసిండు.

"గిది పట్టిందంటే పట్టినట్టు, ఇడిసిందంటే ఇడిసినట్టు. సగం ఇడిసి మెల్లగ నడిపిద్దామంటే హాఫ్ క్లచ్ దొరకది. పెడల్ గూడ రాయి లెక్కుంటది. నీ ఇంజన్‌కు మామూలుదే సాలు."

నేను వింటనా? స్టేజ్ త్రీనే తెప్పించమన్న. వారం తర్వాత వేసిచ్చిండు. జనగామ నుంచి తొర్రూరు దాక ఖాళీ రోడ్డు మీద బండి దుంకుకుంట వచ్చింది. ఎడమ మోకాలు జర గుంజింది గని, నా ఛాతీ అప్పటికే రెండింతలు అయింది, మోకాలును ఎవరు పట్టించుకుంటరు.

పెండ్లి రోజు పొద్దుగాల టేకుమట్ల నుంచి పెండ్లికొడుకోళ్ళ బస్సులు వచ్చి మా ఊరి మొదట్ల ఆగినయి. అక్కడి నుంచి ఫంక్షన్ హాల్ కిలోమీటరు. కొత్త అల్లున్ని ఎనుక సీట్ల కూసోబెట్టుకొని, బ్యాండ్ మొదలుగంగనే క్లచ్ మెల్లగ ఇడిసిన. మెల్లగ అన్నది దానికి తెల్వది. బండి ఒక్క ఎగురు ఎగిరి ఆగిపోయింది. అల్లుని నుదురు ముందు సీటుకు కొట్టుకొని బాసింగం చెవి మీదికి వచ్చింది. బ్యాండోళ్ళు డప్పులతో సహా పక్కకు దుంకిన్రు.

మళ్ళ స్టార్ట్ చేసిన. మళ్ళ ఎగిరింది. డ్యాన్స్ చేసేటోళ్ళు రెండడుగులు జరుగుతరు, ఆగుతరు. జరిగినప్పుడల్ల క్లచ్ ఇడవాలె, ఆగినప్పుడల్ల ఆ రాయి లెక్కున్న పెడల్‌ను తొక్కాలె. మధ్యల న్యూట్రల్ చేసే సందు గూడ ఇస్తలేరు. టేకుమట్ల పిలగాండ్లయితే ఇది నేను కావాల్నని చేస్తున్న అనుకున్నరు. బండి ఎగిరినప్పుడల్ల వాళ్ళు గూడ ఎగురుడు మొదలుపెట్టి, హుషారు మీద ఊరేగింపు ఇంకింత లేటు చేసిన్రు. సగం దూరంల కొత్త అల్లుడు బాసింగం చేత్తో పట్టుకొని, "మామయ్యా, నేను దిగి నడిచొస్త, మీరు పరేషాన్ గాకున్రి" అన్నడు. ఎంత మర్యాదగ అన్నడో, నాకంత సిగ్గయింది.

ఆ కిలోమీటరుకు గంటంబావు పట్టింది. హాల్ ముందట తలుపు తీసి దిగబోతే ఎడమకాలు నాది కాదు. తొడ నుంచి పాదం దాక దడదడ వణుకుతున్నది. గోడ పట్టుకొని లోపలికి పోయేసరికి పంతులు మైక్‌ల పిలుస్తున్నడు, ముహూర్తం దగ్గరపడ్డది, మేనమామ పిల్లను తీసుకురావాలె అని.

శ్రావణి గంపల కూసోని ఉన్నది, చేతుల కొబ్బరికాయ. నన్ను చూసి నవ్వింది. ఇరవై ఏండ్ల సంది ఎదురుచూసిన నవ్వు. ఇద్దరు సాయం రాబోతే నేనొక్కన్నే అని పక్కకు జరిపిన. అంత అయినంక గూడ ఇంక పొగరే. గంప జానెడు లేసింది. ఎడమకాలు అచ్చం నా బండి లెక్కనే ఒక్క ఎగురు ఎగిరి ఆగిపోయింది. గంప దబ్బున కింద పడ్డది, కొబ్బరికాయ దొర్లుకుంట పోయి పంతులు కాళ్ళ కాడ ఆగింది.

"బిడ్డా, మామతోని అయితలేదు" అని చెప్పిన. ఏడుపొచ్చింది, దాచుడెందుకు. ఒక పనికిమాలిన ప్లేటు మోజుల, ఆ పిల్లకు ఇచ్చిన ఒక్క మాట పోగొట్టుకున్న.

శ్రావణి గంపలకెళ్ళి లేసింది. నా చెయ్యి తీసి తన భుజం మీద ఏసుకున్నది. "నడువు మామా. ముహూర్తం పోతది" అని మెల్లగ చెవుల చెప్పింది. ఆ పట్టుచీర పిల్ల నన్ను పట్టుకొని, నేను కుంటుకుంట, ఎనుక ఖాళీ గంప పట్టుకొని మా ఇంటామె. టేకుమట్ల ముసలామె ఒకామె పక్కామెను అడుగుతనే ఉన్నది, ఈళ్ళ దిక్కు పెండ్లిపిల్లనే మేనమామను తెస్తదా అని. అది పెండ్లి వీడియోల సాఫ్‌గ వినపడుతది.

సోమవారం దుకాణం తీసి, కాలు స్టూల్ మీద పెట్టుకొని కూసున్న. చంద్రయ్య వచ్చిండు. పెండ్లికి ఆయనను గూడ పిలిచిన, చివరి దాక ఉన్నడు, రేసు క్లచ్ సంగతి గూడ విన్నడు. దుకాణంల మళ్ళ పదిమంది ఉన్నరు. ఆయన నా కాలు దిక్కు బాగసేపు చూసిండు.

"సేటు, మీరు చెప్పినట్టు మామూలు డోసే కొట్టిన. తోట మంచిగున్నది. మీకెట్లున్నది?"