మూడో ఏడాది విజేతలు

ఆరేళ్ళుగా ఒక అబద్ధం నాతోపాటు తిరుగుతోంది. నాతో నిద్ర లేస్తుంది, నాతో భోంచేస్తుంది, ఏడాదికి ఒకసారి నాతోపాటు వేదిక ఎక్కి మైకు ముందు నిలబడుతుంది. దీన్ని అమ్మకు చెప్పలేదు. నాతో కలిసి గెలిచిన ముగ్గురికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. దీన్ని ధైర్యం అనరని తెలుసు.

మాది తాడేపల్లిగూడెం. సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణంలో పని చేస్తాను. ఏటా ఆషాఢంలో ఏలూరులో మొబైల్ గేమింగ్ టోర్నమెంటు జరుగుతుంది. నాలుగో ఏడాది నుంచి దానికి తెలుగులో కామెంటరీ చెప్పేది నేనే. ఆషాఢమే ఎందుకంటే ఆ నెలలో పెళ్ళిళ్ళు ఉండవు, కల్యాణ మండపం ఖాళీగా దొరుకుతుంది. వధూవరుల కుర్చీలు పక్కకు జరిపి, ఆ వేదిక మీదే జట్లను కూర్చోబెడతారు. జట్టుకు నలుగురు. తెర మీద ఒక దీవి. చివరిదాకా ప్రాణాలతో మిగిలినవాళ్ళకు ఎక్కువ పాయింట్లు. తెలియనివాళ్ళకు ఇది తుపాకుల ఆట. మాకు మాత్రం ఏడాది పొడుగునా ఇదే ధ్యాస.

ఫైనల్ మొదలయ్యే ముందు పాత విజేతల పేర్లు చదవడం మా ఆనవాయితీ. మొదలుపెట్టింది నేనే. మొదటి ఏడాది భీమవరం కాలేజీ నలుగురు. రెండో ఏడాది పవర్‌పేట అన్నదమ్ములు, వాళ్ళ మేనమామ కొడుకులు. నాలుగో ఏడాది ఉండి ఊరివాళ్ళు. కప్పును రొయ్యల లారీ ముందు కట్టుకుని ఊరేగారు. తరవాతి ఏడాది మా తాడేపల్లిగూడెం అమ్మాయిలు నలుగురు గెలిచారు. పంతులుగారు గోత్రనామాలు చదువుతుంటే ఇంట్లోవాళ్ళు సర్దుకుని కూర్చుంటారే, ఈ పేర్లు చదివేటప్పుడు కుర్రాళ్ళు అలా సర్దుకుని వింటారు.

మూడో ఏడాది మాది. నా పేరు నేనే చదువుకోవాలి. జనం చప్పట్లు కొడతారు, వెనక నుంచి ఎవరో ఈల వేస్తారు. నేను నవ్వుతాను. ఆ నవ్వు ఎక్కడి నుంచి వస్తుందో నాకే తెలియదు.

ఈసారి నిర్వాహకులు విజేతల చరిత్రను చిన్న పుస్తకంగా వేస్తామన్నారు. నీకన్నా ఎవరికి బాగా తెలుసు, నువ్వే రాయి అన్నారు. అన్ని ఏళ్ళవీ రాశాను. మూడో ఏడాది దగ్గర ఆగిపోయాను. మూడు వారాలుగా ఆ పేజీ ఖాళీగా ఉంది. అక్కడ రాయాల్సింది రాయలేక ఇది రాస్తున్నాను.

రాంబాబు నా స్నేహితుడు. ఆటలో పరిచయమయ్యాడు. వాడి ఊరు కొల్లేటి పక్కన, ముదినేపల్లి వైపు. వాళ్ళకు చేపల చెరువు ఉంది. ఆటలో వాడు పెట్టుకున్న పేరు కొల్లేటికొంగ. నిజంగానే కొంగలాగే ఆడేవాడు; కదలకుండా, తొందర లేకుండా, ఎదుటివాడు తప్పు చేసేదాకా నిలబడేవాడు. నేను చెమటలు కక్కుకుంటూ సాధించింది వాడు జంతికలు నములుతూ సాధించేవాడు. వాడంటే నాకు ఇష్టం. వాడి ఆటంటే కుళ్ళు. ఈ రెండూ ఒకే మనిషిలో ఎలా ఇముడుతాయని అడక్కండి, ఇమిడాయి.

ఒకసారి వాడు మా ఇంట్లో భోంచేస్తూ చెరువుల సంగతి చెప్పాడు. మబ్బు ముసిరిన రోజున నీళ్ళలో ఆక్సిజన్ పడిపోతుందట. చేపలన్నీ పైకి వచ్చి నోళ్ళు తెరుస్తాయట. అప్పుడు నీళ్ళను చిలికే మిషన్లు తిప్పాలి, మందు చల్లాలి, ఇంట్లో ఎంతమంది ఉంటే అంతమందీ గట్టు మీద ఉండాలి. ఆలస్యమైతే తెల్లారేసరికి చెరువంతా చచ్చిన చేపలే. అందుకే "చేపలు లేచాయి" అని కబురొస్తే వాళ్ళవైపు మనిషి సగం తిన్న విస్తరి ముందు నుంచైనా లేచిపోతాడు. ఎందుకు, ఏమిటి అని అడగడు.

"అన్ని అబద్ధాలూ ఆడతాం గానీ ఆ మాట మాత్రం సరదాకి కూడా అనం రా," అన్నాడు. "చిన్నపిల్లలు అన్నా చెంప పగిలిపోద్ది." మా అమ్మ వాడికి ఇంకో గరిటె పప్పు వేసింది. నేను విన్నాను. అంత బాగా ఎందుకు విన్నానో అని ఇప్పుడు అనిపిస్తుంది.

మూడో ఏడాది ఫైనల్లో ఆరు మ్యాచ్‌లు. మధ్యలో కాల్స్ రాకుండా ఆటగాళ్ళ సిమ్‌కార్డులు ముందే తీయించేశారు. ఇంటివాళ్ళకు ఏదైనా అవసరమొస్తే మండపం ఆఫీసు గదిలోని ల్యాండ్‌లైన్‌కు చేయమని నంబరు ఇచ్చారు. నాలుగు మ్యాచ్‌లు అయ్యేసరికి రాంబాబు జట్టు మాకన్నా పదకొండు పాయింట్లు ముందుంది. వాళ్ళను నడిపించేది వాడే. వాడు చెబితే మిగతా ముగ్గురూ కదులుతారు, చెప్పకపోతే ఎటు పరిగెత్తాలో వాళ్ళకు తెలియదు. గెలిచిన జట్టు హైదరాబాదు వెళ్తుంది. అంతకు ముందు ఏడాది రెండో స్థానంలో ఆగిపోయాం. మళ్ళీ అదే అవుతుందనుకుంటే నాకు ఊపిరి ఆడలేదు.

ఐదో మ్యాచ్‌కు ముందు టీ ఇచ్చారు. కిటికీలోంచి చూస్తే ఆకాశం నల్లగా ఉంది. ఆఫీసు గది తలుపు తీసి ఉంది, లోపల ఎవరూ లేరు. నేను ఊరికే లోపలికి వెళ్ళాను. ఒక నిమిషం నిలబడ్డాను. ఏం చేయబోతున్నానో ఆ నిమిషంలో నాకు తెలుసా? తెలియదని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. తెలుసు. బయటికి వచ్చేటప్పటికి మొహంలో కంగారు కూడా తెచ్చిపెట్టుకున్నాను, తెలియకుండా అది వస్తుందా?

"ఒరే, ఆఫీసు ఫోన్ మోగుతుంటే ఎత్తాను. మీ ఊరి నుంచి. చేపలు లేచాయంట," అన్నాను.

"ఎవరు చేశారు?"

అది నేను ఆలోచించుకోలేదు. వాడు ఎప్పుడూ చెప్పే పేరొకటి నోటికి వచ్చింది. "వెంకన్న."

వెంకన్న వాళ్ళ చెరువు కాపలాదారు. గట్టు మీది పాకలోనే ఉండేవాడు. అప్పటికి ఏభై దాటి ఉంటాయి, భార్య పోయి రెండు నెలలైంది. ఇవన్నీ రాంబాబు చెప్పగా నాకు ముందే తెలుసు.

వాడు సిమ్ వేసుకుని నాన్నకు చేశాడు. ఎత్తలేదు. మేత చల్లడానికి పడవ మీద వెళ్తే ఆయన ఫోన్ గట్టు మీదే వదిలేస్తాడు. వెంకన్నకు చేశాడు. అందలేదు. టీ గ్లాసు నా చేతిలో పెట్టి బండి తాళం తీసుకున్నాడు. పరిగెత్తలేదు కూడా, గబగబా నడిచాడు. గుమ్మం దగ్గర వెనక్కి తిరిగి నాతో అన్నాడు, "థాంక్స్ రా, వెంటనే చెప్పావు."

వాడి బదులు ఇంకొకర్ని దింపడానికి నిబంధనలు ఒప్పుకోవు. ముగ్గురే ఆడారు. చివరి లెక్కలో మేం ఏడు పాయింట్లతో గెలిచాం. హైదరాబాదులో మొదటి రోజే ఇంటిముఖం పట్టాం. ఆ సంగతి ఎవరూ గుర్తుపెట్టుకోలేదు. ఏలూరు కప్పునే గుర్తుపెట్టుకున్నారు.

మీకు చెప్పాలనుకున్నది ఇంతే అయితే బాగుండేది. ఒక ఆటలో చేసిన మోసం అనుకుని మీరు క్షమించేవారేమో.

ఆ సాయంత్రమే రాంబాబు ఫోన్ చేశాడు. నా చేతిలో ఇంకా కప్పు ఉంది. చేపలు బాగానే ఉన్నాయట. వెంకన్న ఫోనే చేయలేదంటున్నాడట. "సరిగ్గా విన్నావా రా? వెంకన్నేనా?" అని అడిగాడు. అడిగిన గొంతులో అనుమానం లేదు. నన్ను అనుమానించాలని వాడికి తోచలేదు. ఆ మాటను ఎవరూ అబద్ధానికి వాడరు కదా. అప్పుడైనా చెప్పి ఉండొచ్చు. కప్పు వెనక్కి ఇచ్చేస్తే సరిపోయేది. నలుగురూ నాలుగు తిట్టేవారు, రాంబాబు నా మొహం చూసేవాడు కాదు, అక్కడితో అయిపోయేది.

"వెంకన్నే చెప్పాడు రా," అన్నాను.

మొదటి అబద్ధానికి ఆశ కారణం అనుకుందాం. మరి దీనికి?

కాపలాదారుడికి ఉన్న ఆస్తి ఆ ఒక్క కబురే. లేచినప్పుడు లేచాయని చెప్పాలి. లేవనప్పుడు చెప్పి, చెప్పలేదని కూడా అంటే, ఇక వాడి మాట మీద ఎవడు నిద్రపోతాడు? రాంబాబు నాన్నగారు కోప్పడలేదట. భార్య పోయిన దిగులుతో మనిషికి మతి నిలవడం లేదని జాలిపడి, కొత్త పంచె పెట్టి మరీ పంపించేశారట. చెరువు నుంచి చెరువుకు ఆ సంగతి పాకింది. ఉండి దాకా తిరిగినా వెంకన్నను ఎవరూ గట్టు మీద పెట్టుకోలేదు. చివరికి పెదవేగిలో కూతురి దగ్గరికి చేరాడు. అక్కడ పామాయిల్ తోటల్లో గెలలు కోసేటప్పుడు రాలిన పండ్లు ఏరే పని. నీళ్ళ మీద పుట్టి పెరిగిన మనిషి.

ఇవన్నీ రాంబాబే నాకు చెప్పేవాడు, మామూలు కబుర్లలాగా. నేను "అయ్యో" అనేవాణ్ణి.

రెండేళ్ళ కిందట పెదవేగి వెళ్ళాను. చెప్పేయాలనే వెళ్ళాను. బస్సులో మాటలు కూర్చుకున్నాను. మిట్టమధ్యాహ్నం తోటలో చెట్ల కింద గోనెసంచి పరుచుకుని అన్నం తింటున్నాడు. చేతులనిండా ముళ్ళ గీతలు. రాంబాబు స్నేహితుణ్ణని చెప్పాను. ఆ రోజు ఫోన్ ఎత్తింది నేనేనని కూడా చెప్పాను. అక్కడి నుంచి మొదలుపెడదామనుకున్నాను.

ఆయన అన్నం గిన్నె పక్కన పెట్టి, చేయి కడుక్కుని, నాకేసి తిరిగి కూర్చున్నాడు.

"మీరేనాండీ? ఎన్నాళ్ళుగానో మిమ్మల్ని ఓ మాట అడగాలనుకున్నానండి. ఆ రోజు నా గొంతు ఎలా ఉందండీ?"

నాకు అర్థం కాలేదు. "ఎలా ఉండడం ఏంటండీ?"

"ముద్దముద్దగా ఉందా అండీ? మా ఆవిడ పోయాక కొన్నాళ్ళు తాగానండి. ఫోన్ చేసినట్టు నాకు గుర్తులేదు. చేయలేదనే అన్నాను మొదట్లో. కానీ అందరూ చేశావంటున్నారు కదండీ. మీకు నాతో పగేముంది, లేనిది చెప్పడానికి? చేసే ఉంటానండి. తాగి చేశానా, మతిపోయి చేశానా అన్నదే తెలియట్లేదు."

నేను ఆయన చేతుల వైపు చూశాను. చెప్పాలి. ఇప్పుడే చెప్పాలి. ఆయన కళ్ళు నా నోటి మీదే ఉన్నాయి.

"మామూలుగానే ఉందండి," అన్నాను. "తాగినట్టు లేదు."

ఆయన చాలాసేపు తల ఊపాడు. "అయితే తాగలేదన్నమాట," అన్నాడు. "అంతే చాలండి. పెద్ద బరువు దించారు," అని దండం పెట్టాడు. తన అన్నంలో సగం నాకు పెట్టబోయాడు. తిని వచ్చానని చెప్పి లేచాను. రోడ్డు మీదికి వచ్చి దొరికిన మొదటి బస్సు ఎక్కేశాను.

ఆయన్ని ఓదార్చడానికే అలా అన్నానా? అలా అనుకోవాలని చాలా ప్రయత్నించాను. కాదు. అది నాకు సుళువైన దారి. ఆయన చేయని పనిని ఆయన చేతే మొయ్యిస్తూ, అది కాస్త తేలిక చేసినందుకు ఆయన చేత దండం కూడా పెట్టించుకున్నాను. పని పోగొట్టినదానికన్నా ఇది పెద్ద పాపం. ఒక మనిషి తన మాటను తనే నమ్మకుండా చేశాను.

పోయిన నెలలో రాంబాబు ఫోన్ చేశాడు. వెంకన్న పోయాడట. పొద్దున తోటకు బయల్దేరబోతూ గుమ్మంలోనే కూలబడ్డాడట. "మంచోడు రా, పాపం. ఆ ఒక్క తప్పే చేశాడు జీవితంలో," అన్నాడు.

"అవున్రా," అన్నాను.

ఇప్పుడు చెబితే ఎవరికి ఉపయోగం అని రోజూ అనుకుంటున్నాను. వెంకన్నకు చెప్పలేను. రాంబాబుకు చెబితే వాళ్ళ నాన్నగారికి తెలుస్తుంది, ఈ వయసులో ఆయనకు ఎందుకీ బాధ. ఇలా సాకులు వెతకడంలో నాకు మంచి నైపుణ్యం వచ్చింది. అసలు భయం రాంబాబు మొహం గురించి. వాడు ఆ గుమ్మం దగ్గర థాంక్స్ చెప్పినప్పటి మొహం ఒక్కటే నా దగ్గర మిగిలి ఉంది, అది కూడా పోతుంది.

ఈ ఆషాఢంలో మళ్ళీ వేదిక ఎక్కుతానో లేదో తెలియదు. ఎక్కితే మూడో ఏడాది దగ్గర ఏం చదువుతానో కూడా తెలియదు. పుస్తకం వాళ్ళు నిన్న మళ్ళీ అడిగారు. ఆ పేజీ ఇంకా ఖాళీగానే ఉంది.

మీరు నన్ను ఏమీ అనక్కర్లేదు. మీ దగ్గర క్షమాపణ అడగడం లేదు. ఇవ్వాల్సిన మనిషి లేడు. ఆరేళ్ళుగా నోటిదాకా వచ్చి ఆగిపోయిన మాట ఒకటే ఉంది. దాన్ని ఒక్కసారి ఎక్కడో ఒకచోట పూర్తిగా పెట్టేయాలి, లేకపోతే నాకు ఊపిరి ఆడేలా లేదు.

వెంకన్న ఫోన్ చేయలేదు. తాగీ చేయలేదు, మతిపోయీ చేయలేదు. ఆ రోజు ఆఫీసు గదిలో ఏ ఫోనూ మోగలేదు.