పాప నిద్రపోతోందని

ఏళ్లుగా మోస్తున్నాను దీన్ని. మీరు నన్నెరగరు, అందుకే మీకు చెబుతున్నాను.

నాది కోనసీమ. బహ్రెయిన్‌లో, రిఫాలో ఒక ఇంట్లో పని. మేడమ్‌ది స్పెయిన్‌లో కాటలోనియా అనే ప్రాంతం, సారుది ఆ దేశ రాజధాని మాడ్రిడ్. కాటలోనియా వాళ్లు మాకు వేరే దేశం కావాలని ఓట్లు వేసిన ఏడు, ఈ ఇంట్లో మొగుడూ పెళ్లాం ఒక బల్ల దగ్గర తినడం మానేశారు. మేడమ్ తల్లి మాత్రం రోజూ మధ్యాహ్నం టాబ్లెట్‌లో కనబడి, పసి మనవరాలికి తమ జెండా చూపించి, తమ పాటలు నేర్పేది.

మేడమ్ డ్యూటీలో ఉండగా వాళ్లమ్మ ఫోన్ చేస్తే పాప నిద్రపోతోందని చెప్పమన్నాడు సారు. కాల్ వచ్చిన ఆనవాలు చెరిపెయ్యడం కూడా నేర్పాడు. జీతం పెంచలేదు, బెదిరించలేదు. మరెందుకు ఒప్పుకున్నాను? ఇష్టమయ్యే ఒప్పుకున్నాను. మా రాష్ట్రాన్ని విడగొట్టారన్న కోపం నాలో చల్లారలేదు. తెలంగాణ వచ్చిందని మిఠాయి పంచినందుకు, జగిత్యాల నుంచి వచ్చిన ఈ ఇంటి డ్రైవర్‌తో నెలల తరబడి మాట్లాడని మనిషిని నేను. విడిపోతామనే వాళ్లంతా నాకు ఒక్కటే. ఆ ముసలమ్మ నోరు మూయిస్తే ఈ ఇల్లు నిలబడుతుందనుకున్నాను. మహా తెలివైనదాన్ని!

ఆవిడకి ఇంగ్లీషు రాదు. నేను అరచేతికి చెంప ఆనించి కళ్లు మూసి చూపేదాన్ని. పాపకి మెలకువ వస్తుందని ఆవిడ గొంతు తగ్గించేసేది. పాపేమో పక్క గదిలో బొమ్మలతో ఆడుకుంటూ ఉండేది. ఓసారి సామాన్ తెచ్చిన డ్రైవర్ చూశాడు.

"పిల్ల ఆడుకుంటనే ఉన్నది గదక్కా! గట్ల జూపిస్తవేంది?"

"నీ పని నువ్వు చూస్కోవయ్యా," అన్నాను.

ఫోన్ చెయ్యడం లేదేమని కొన్నాళ్లకి మేడమ్ తన తల్లిని నిలదీసింది. రోజూ చేస్తున్నానంది ఆవిడ. టాబ్లెట్‌లో చూస్తే ఏమీ లేదు. మేడమ్ వంటింట్లోకి వచ్చింది.

"నిజం చెప్పు. మా అమ్మ ఫోన్ చేస్తోందా?"

"లేదు మేడమ్."

"ఒక్కసారి కూడా?"

"లేదు మేడమ్."

అక్కడే కూలబడి ఏడ్చింది. అమ్మకి మతి పోతోందంది. మంచినీళ్లు ఇచ్చింది నేనే. నా నోరు పడిపోను, అప్పుడైనా చెప్పొచ్చుగా? ఆ నెలలోనే వెళ్లి, తల్లిని వృద్ధాశ్రమంలో పెట్టి వచ్చింది. రోజూ ఫోన్ చేశానని, పాప నిద్రపోతోందన్నారని ఆవిడ అక్కడ అందరికీ చెప్పుకునేదట. ఎవరూ నమ్మలేదు. అలాగే పోయింది. ఇంతా చేస్తే ఇల్లు నిలబడిందా? సారు విడాకులిచ్చి వెళ్లిపోయాడు.

మొన్న మేడమ్ కారు తాళాలు ఎక్కడ పెట్టిందో మరిచిపోయింది. అంతే, మొహం పాలిపోయింది. "అమ్మకి ఇలాగే మొదలైంది. నాకూ వచ్చేసింది," అంది. డాక్టర్ దగ్గరికి తోడు రమ్మంటే వెళ్లాను. పిలిచేదాకా నా చెయ్యి వదల్లేదు. మీ అమ్మకి ఏ జబ్బూ లేదు తల్లీ అంటే చాలు, ఆ భయం ఆ క్షణమే పోయేది. అనలేదు. మతి చక్కగా ఉన్న తల్లిని తానే అక్కడ వదిలిందని తెలిస్తే బతుకుతుందా అని నాకు నేను చెప్పుకుంటాను. ఛీ, అదీ సాకే. ఈ ఇల్లు దాటితే నాకు దిక్కు లేదు, అదీ అసలు సంగతి.

మీకు చెప్పాను. కాస్త ఊపిరాడుతోంది. మేడమ్ మాత్రం తన పాప పేరు గుర్తుందో లేదోనని పొద్దున్నే లేచి పైకి అనుకుని చూసుకుంటోంది.