రెండో పడవలో ఎవరో తట్టారు

దెయ్యాలున్నాయని నేను ఏనాడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను. ఆసుపత్రి ల్యాబ్‌లో రక్తపరీక్షలు చేస్తూ రిటైరైనదాన్ని. పడవలో జరిగిన ఈ సంగతి చెవిన పడగానే మా తెలుగు చర్చిలో పాస్టరమ్మ గారు ఆదివారం లేచి సాక్ష్యం చెప్పమన్నారు. చెప్పనంటే చెప్పనన్నాను. సాక్ష్యమంటే చివర్లో దేవుడు ఏం చేశాడో చెప్పాలి. ఇందులో ఎవరు ఏం చేశారో నాకే తెలీదు.

మా ఆయన పోయిన కొన్నేళ్లకి, మిషిగన్‌లో మేముండే నోవై ఊళ్లో ఇల్లు అమ్మేశాను. మా అమ్మాయి షారోన్, చాండ్లర్ అనే ఊళ్లో ఉన్న తనింట్లో నాకో గది సిద్ధం చేసి, పరుపు కూడా కొనేసింది. నేనేమో పాత సెయిల్‌బోట్, అదే తెరచాప పడవ, ఒకటి కొనుక్కుని, అందులోనే కాపురం పెట్టి, సముద్రతీరం వెంట తిరుగుతానన్నాను.

"అమ్మా, సీరియస్‌గానా? నీకు కార్ పార్క్ చేయడమే రాదు కదా!" అంది షారోన్.

అది నిజమే. కానీ మా ఆయన పోయిన తర్వాతి వేసవి నుంచి లేక్ మీద సెయిలింగ్ నేర్చుకున్నాను. పడవని డాక్‌కి చేర్చడం మాత్రం శుభ్రంగా వచ్చు.

ఊళ్లు తిరిగి చూడగా చూడగా రెండు పడవలు మిగిలాయి. రెండూ ఒకే పడవల యార్డ్‌లో ఉన్నాయి, రెండూ వయసులో షారోన్ కంటే పెద్దవి. మొదటిది వెడల్పాటిది. వంటగది, వేడినీళ్ల షవర్, నలుగురు కాళ్లు చాపుకునేంత హాలు. ఒకచోట కట్టేసి ఉంచితే అచ్చం అపార్ట్‌మెంటే. కానీ అలల్లో ఊగేటప్పుడు ఆ హాల్లో పట్టుకోవడానికి ఏమీ లేదు. రెండోది ఇరుకు, చీకటి, బరువు. అయితే ఎక్కడ నిలబడ్డా నాలాంటి పొట్టిమనిషి చేతికి ఏదో ఒక పట్టు అందుతుంది. అందరూ మొదటిదే కొనమన్నారు. నా మనసు రెండోదాని మీద ఉంది, పైకి చెప్పే ధైర్యం లేదు.

అది చలికాలం చివర. మిషిగన్‌లో చలికాలమంతా పడవల్ని ఒడ్డున నిలబెట్టి, తెరచాప స్తంభం దించేసి, తెల్లటి ప్లాస్టిక్‌తో బిగుతుగా చుట్టేస్తారు. లోపలికి పోవడానికి ఒక జిప్ తలుపు ఉంటుందంతే. ఆ ఉదయం సర్వేయర్ రావాలి. పాత పడవని కొనేవాళ్ల తరఫున పరీక్షించే మనిషి ఆయన. చిన్న సుత్తితో పడవ ఒళ్లంతా కొట్టి చూస్తాడు. గట్టిగా ఉన్నచోట టక్కున మోగుతుంది, నీరు చేరి పాడైన చోట చప్పుడు మొద్దుబారుతుంది.

నేను ముందే వెళ్లి రెండోదాంట్లో కూర్చున్నాను. కాసేపటికి బయటనుంచి చప్పుడు మొదలైంది. సర్వేయర్ వచ్చి పని మొదలుపెట్టాడనుకున్నాను. ముందు భాగం నుంచి వెనక్కి, వరసగా వస్తోంది. సరదాకి నేనూ లోపలినుంచి గోడ మీద చెయ్యి ఆనించి దాని వెంట నడిచాను. ఒక్కో దెబ్బా అరచేతికి తెలుస్తోంది. పడుకునే బల్ల దగ్గరికొచ్చి ఆగింది. అక్కడ రెండు దెబ్బలు, కాస్త ఆగి, ఇంకొకటి. మళ్లీ అలాగే.

ఆ వరస నాకు తెలిసిందే.

మా ఆయన ఏది కొన్నా వేలి కణుపుతో అలాగే తట్టి చూసేవారు. పుచ్చకాయ, కుక్కర్, కారు డోర్, ఏదైనా సరే. నోవైలో మొదటిసారి ఇల్లు చూడ్డానికి వెళ్లినప్పుడు గోడలన్నీ తట్టి, ఇల్లు చూపిస్తున్న రియల్టర్ ముందే "అట్టపెట్టె!" అన్నారు. ఎప్పుడూ రెండు దెబ్బలు, ఆగి ఒకటి. చెవి పెట్టి విని, "తీసుకుందాం" అనో "వద్దు" అనో తేల్చేసేవారు. నేను పక్కన నిలబడి ఆ మాట కోసం చూసేదాన్ని. మంచిమనిషే, నన్ను పల్లెత్తు మాట అనలేదు. కానీ నీకేం కావాలని ఒక్కనాడూ అడిగిన పాపాన పోలేదు.

ఆ రోజు పడవలో నేను భయపడలేదు. అంతకంటే సిగ్గుచేటు పని చేశాను. గోడకి చెయ్యి ఆనించి, ఆయన మాట కోసం ఎదురుచూశాను. "ఏమండీ, ఏమంటారు?" అని పైకే అడిగాను. ఏమీ వినపడలేదు. ఆయన పోయి ఇన్నేళ్లయినా నేనింకా ఆయన నోరు విప్పాలని నిలబడి ఉన్నానని తట్టేసరికి ఒళ్లు మండింది. ఏడుపూ వచ్చింది.

బయట హార్న్ వినిపించి నిచ్చెన దిగాను. సర్వేయర్ ట్రక్ అప్పుడే గేట్లోకి వస్తోంది. ట్రాఫిక్‌లో ఇరుక్కుపోయానని సారీ చెప్పాడు.

నేను ఊరుకోలేదు, పడవ చుట్టూ తిరిగాను. దెబ్బలు వినపడిన ఎత్తులో అంతా ప్లాస్టిక్కే, దాని మీంచి కొడితే అంత స్పష్టంగా మోగదు. ఎక్కడా చిరగలేదు, లోపల మనిషి దూరే సందు లేదు. తాళ్లు కొట్టుకున్నాయనుకుందామంటే స్తంభమే లేదు. ఎండకి ఫైబర్‌గ్లాస్ సాగి చప్పుడు చేస్తుందన్నాడు సర్వేయర్. చెయ్యొచ్చు. వరసగా నడిచొచ్చి, లెక్కపెట్టి మూడు కొడుతుందా అనడిగాను. అలా తానెప్పుడూ వినలేదన్నాడు. లోపలికొచ్చి ఆ బల్ల దగ్గర ప్రత్యేకంగా కొట్టి చూడమన్నాను. గట్టిగా, టక్కున మోగింది. తేమ మీటర్ కూడా పొడిగానే చూపించింది. ఆ పడవలో ఎక్కడా లోపం లేదు, మొదటిదాంట్లోనూ లేదు.

"నాన్న నో చెప్తున్నాడు, అమ్మా," జరిగింది చెప్తే అంది షారోన్ ఫోన్లో. పాస్టరమ్మ గారు, "అది హెచ్చరిక సిస్టర్, ఉపవాస ప్రార్థన పెట్టుకుందాం," అన్నారు. ఆయన వద్దంటే ఎలా ఉంటుందో నాకు తెలీదా? నా కాపురమంతా విన్న మాటేగా! ఆ రోజు ఆయన వద్దనలేదు. సరేననీ అనలేదు.

మర్నాడు యార్డ్‌కి ఫోన్ చేసి రెండో పడవ తీసుకుంటున్నానన్నాను. వేసవిలో ఇద్దరు స్నేహితురాళ్ల సాయంతో కాలువల మీదుగా సముద్రానికి తెచ్చుకున్నాను. ఇప్పుడు నా ఇల్లు ఇదే. చలికాలం దక్షిణానికి, ఎండాకాలం ఉత్తరానికి, తీరం వెంటే.

ఆ చప్పుడేమిటో ఈ రోజుకీ నాకు అంతుచిక్కలేదు. మళ్లీ ఒక్కసారీ వినపడలేదు. ఆ బల్ల మీదే పడుకుంటాను కాబట్టి, అబద్ధమెందుకు, అప్పుడప్పుడు చెవి పెడతాను కూడా. ఆయనే అయితే రమ్మనండి. కూర్చోబెట్టి టీ పెట్టి ఇస్తాను, ఈసారి ఎక్కడికి పోతున్నానో చెప్తాను. ఏమంటారని మాత్రం అడగను.