కాటా గదిలో చెంపదెబ్బ

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. మిషన్లు బాగుచేసి బతికేవాడికి ఉండకూడని గుణం అది.

మైదుకూరు రోడ్డులో లారీలూ ట్రాక్టర్లూ తూకం వేసే కాటా ఒకటుంది. దసరా మరుసటి రోజు పొద్దున్నే అక్కడి నుంచి ఫోన్ వచ్చింది. వెళ్లేసరికి గది అద్దం పగిలిపోయి ఉంది. కాటా వేసే ఆయన్ని కిటికీ చువ్వలకు అదిమిపెట్టి, ఉల్లిపాయల ట్రాక్టర్లతో వచ్చిన ఇద్దరు రైతులు గుద్దుతున్నారు. పెదవి చీలి రక్తం చొక్కా మీదికి కారుతోంది. మూడో రైతు చేతిలో జాకీ రాడ్డు.

"మీటర్లో ఒగ బరువు, చీటీలో ఒగ బరువు! ఎర్రగడ్డలు పండిచ్చినోళ్లు నీకు ఎర్రోళ్ల మాదిరి కనపడతాండారా?" అని అరుస్తున్నాడు. నన్ను చూడగానే రాడ్డు ఇటు తిప్పాడు. "తప్పు మిషన్దా, వీనిదా? తేల్చప్పా. వీనిదైతే చీటీ కొట్టిన చెయ్యి ఈడ్నే ఇరగ్గొడతా."

మీటరు చూపే బరువు సీరియల్ వైరులో ఒక చిన్న డబ్బాకు వస్తుంది. డబ్బా దాన్ని నెట్‌వర్కు మీద కంప్యూటరుకు పంపుతుంది. ఆ పొద్దు కంప్యూటరులో మొదటి ట్రాక్టరు బరువే నిలిచిపోయింది. వెనక వచ్చినవాళ్లకూ అదే చీటీ అచ్చయింది.

పింగ్ కొట్టాను. అంటే డబ్బాను దాని అడ్రసుతో పిలిచి, పలుకుతుందో లేదో చూడటం. వెంటనే పలికింది. డబ్బా బతికే ఉందంటే ఎవరో సెట్టింగులు కెలికారని తేల్చేసుకున్నాను.

"ఎవరన్నా ముట్టుకున్నారా మామా?"

ఆయన నాకంటే పదిహేనేళ్లు పెద్ద. నమాజు చేసుకుని వచ్చి కాటా తెరిచే మనిషి. "ఎవురూ ముట్టుకోల్యా అల్లుడా" అన్నాడు.

డబ్బా మీద చూస్తే పసుపు పూసి కుంకుమ బొట్టు పెట్టి ఉంది, ఆయుధపూజ నాటిది.

"ముట్టుకోకుండా బొట్టు ఎట్ల పెట్టినావురా?" అంటూ చెంప మీద లాగి కొట్టాను. మామా అనే నోటితోనే రా అన్నాను. అత్త మీద కోపం దుత్త మీద చూపించడమంటే ఇదే, నాకు భయం రాడ్డు మీద, దెబ్బ ఆయన మీద. "అట్ల అడుగు!" అన్నారు రైతులు. నాకు సిగ్గు రాలేదు, ఊపొచ్చింది.

"బొట్టు పెట్టేది ముట్టుకునేదవుతాదా అల్లుడా? ఏటా పెడతాండా కదా!" అన్నాడాయన చెంప పట్టుకుని.

మళ్లీ మొదటి నుంచి సెట్ చేద్దామని డబ్బా వైర్లన్నీ పీకేశాను. తెర మీద పింగ్‌కు జవాబులు ఆగలేదు. వైరే లేని డబ్బా ఎలా పలుకుతుంది? ఆ అడ్రసులో ఇంకెవరో ఉన్నారు.

పండుగకు ముందు రోజు, కాటా మూశాక, గేటు మీద కొత్త కెమెరా బిగించింది నేనే. తొందరలో పాత అడ్రసుల లిస్టు చూడకుండా ఏదో అంకె వేశాను. అది ఈ డబ్బా అంకె. ఒకే అడ్రసుకు ఇద్దరుండటంతో, మొదటి ట్రాక్టరు తర్వాత కంప్యూటరు డబ్బాను వదిలి కెమెరాతో మాట్లాడుతోంది.

కెమెరా వైరు పీకి, డబ్బా వైర్లు తిరిగి పెట్టాను. మీటరులో ఉన్న బరువే కంప్యూటరులోకి వచ్చింది. రాడ్డు ఇంకా అక్కడే ఉంది. "మిషన్ తప్పేనప్పా, ఈయనది గాదు" అన్నాను. కెమెరా సంగతి మింగేశాను. ఆయన చెయ్యి దక్కింది. రైతులు మళ్లీ తూకం వేయించుకుని, ఆయన వైపు చూడకుండానే వెళ్లిపోయారు.

ట్రాక్టర్ల చప్పుడు దూరమయ్యాక తలుపు దగ్గరికి వేశాను. "మామా, తప్పు నాది. కెమెరాకు ఇదే అడ్రసు ఇచ్చింది నేను" అని ఆయన కాళ్ల మీదికి వంగబోయాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

ఆయన కాళ్లు వెనక్కి తీసుకున్నాడు. తువ్వాలు పెదవికి ఒత్తుకుంటూ అన్నాడు:

"కొట్టేటప్పుడు అందరి ముందర కొట్టినావు. ఇది మాత్రం తలుపేసి చెప్తాండావు."