గాడిపొయ్యిలో గ్యాస్ నెగడు

కరోనా నెమ్మదించి జనం మళ్ళీ ఊళ్ళ మీద పడడం మొదలుపెట్టిన ఏడాది, కార్తీకమాసానికి నాలుగు రోజుల ముందు, నన్ను గుడివాడ షోరూము నుంచి అవనిగడ్డ శాఖకు వేశారు. నేను పనిచేసింది వంటగ్యాసు పంపిణీ చేసే ఒక ప్రైవేటు ఏజెన్సీలో. మెకానిక్‌గా చేరి, సీనియర్ మెకానిక్‌నై, చివరికి సేఫ్టీ ఇన్‌చార్జినయ్యాను. హోదా వినడానికి బాగుంటుంది. దివిసీమ మొత్తానికి ఇన్‌చార్జిని నేనే, నా కింద సిబ్బందినీ నేనే, సిబ్బంది ఆలస్యంగా వస్తే మందలించాల్సిందీ నేనే.

ఆ ఉద్యోగంలో పని రెండు రకాలు. ఊళ్ళలో ఆడవాళ్ళను కూర్చోబెట్టి గ్యాసు వాడకం గురించి చెప్పడం ఒకటి. హోటళ్ళు, కల్యాణ మండపాల వాళ్ళకు పంతొమ్మిది కిలోల సిలిండరు ఇచ్చే ముందు వెళ్ళి చూసి రిపోర్టు మీద సంతకం పెట్టడం రెండోది. రిపోర్టులో గళ్ళుంటాయి. సిలిండరు నిలువుగా ఉందా, మంటకు ఎంత దూరం, రబ్బరు పైపు మీద తయారీ సంవత్సరం కనబడుతోందా, రెగ్యులేటరు దగ్గర సబ్బునీళ్ళు రాస్తే బుడగలొచ్చాయా. ఇరవై ఎనిమిదేళ్ళు ఇవే ప్రశ్నలు అడిగాను. ఇంట్లో మా ఆవిడ అట్లు పోస్తుంటే కూడా పైపు కేసి చూసేవాణ్ణి. పొద్దున్నే సంచీ భుజాన వేసుకుంటుంటేనే ఆవలింత వచ్చేది.

ఆ విసుగులోంచే నాకొక చెడ్డ అలవాటు పట్టుకుంది. నిజం చెబితే జనం నిద్రపోతారు. కాస్త ఉప్పూకారం వేసి చెబితే లేచి కూర్చుంటారు. ఈ సంగతి కనిపెట్టాక నా క్లాసుల్లో సిలిండర్లు చాలా ఘనకార్యాలు చేశాయి.

బదిలీ అయిన రెండో వారంలో, శుక్రవారం, సముద్రం ఒడ్డున ఒక క్యాంపు తనిఖీకి వెళ్ళాను. యజమాని పేరు రాంబాబు. కృత్తివెన్నులో రొయ్యల చెరువులు చేసి, రెండు పంటలు వరసగా తెల్లమచ్చ రోగానికి పోయాక, ఇక నీళ్ళ జోలికి వెళ్ళనని ఒట్టు పెట్టుకుని, సముద్రం పక్కనే సరుగుడు తోట లీజుకు తీసుకున్నాడు. అందులో ఎనిమిది గుడారాలు వేశాడు. మర్నాడు సాయంత్రం బెజవాడ నుంచి మొదటి బ్యాచి దిగుతోంది.

క్యాంపన్నాక నెగడు ఉండాలి కదా. సరుగుడు తోటలో కట్టెల మంట వేయడానికి వీల్లేదు. ఎండిన ఆకు నేలంతా పరుపులా పరచుకుని ఉంటుంది, ఒక్క రవ్వ చాలు. అందుకని రాంబాబు హైదరాబాదు నుంచి గ్యాస్ నెగడు తెప్పించాడు. నాకూ అది కొత్త వస్తువే. రెండు మూరల వెడల్పున్న ఉక్కు పళ్ళెం, అడుగున గుండ్రటి బర్నరు, దాని మీద పరిచే నల్ల రాళ్ళు. పైపు తగిలించి వెలిగిస్తే రాళ్ళ సందుల్లోంచి మంట లేస్తుంది. పొగ లేదు, రవ్వ లేదు, బూడిద లేదు. కారు డిక్కీలో పట్టుకెళ్ళిపోవచ్చు.

దాన్ని చూసుకోవలసింది వంటమేస్త్రి కోటయ్య. అరవై దాటిన మనిషి. నలభై ఏళ్ళుగా దివిసీమలో పెళ్ళిళ్ళకు గాడిపొయ్యి తీసినవాడు. గాడిపొయ్యి తెలియని వాళ్ళకు చెబుతాను: నేలలో పొడుగ్గా కాలువలాగా తవ్వి, గాలి వచ్చే వైపు నోరు పెట్టి, పైన వరసగా గుండిగలు ఎక్కించే పొయ్యి అది. మంట గోతిలో ఉంటుంది కాబట్టి ఎంత గాలి వీచినా చెదరదు. కోటయ్య పిడికెడు ఇసక జారవిడిచి గాలి ఎటుందో చూసి నోరు ఎటు పెట్టాలో చెప్పేసేవాడు. నల్ల రాళ్ళను మాత్రం అనుమానంగా చూశాడు. “బొగ్గులైతే కాలి అరిగిపోవాలి గదండీ. ఇయ్యేం బొగ్గులు?” అన్నాడు.

చదునైన నేల మీద పళ్ళెం పెట్టించాను. సిలిండరు పది అడుగుల దూరంలో నిలబెట్టించాను. సబ్బునీళ్ళు రాసి చూశాను. గళ్ళన్నీ నిండాయి. ఒక్కటే ఇబ్బంది, సముద్రపు గాలికి మంట పక్కకు వాలిపోతోంది, రెండుసార్లు ఆరిపోయింది కూడా. “గాలికి అడ్డం ఏదన్నా చూసుకోండి” అని ఒక ముక్క అనేసి సంతకం పెట్టాను. ఏం చూసుకోవాలో చెప్పలేదు. అప్పటికి ఒంటిగంట దాటింది, బొమ్మిడాయల పులుసు వాసన వస్తోంది.

భోజనాల దగ్గర కోటయ్య అడిగాడు, సిలిండరు పేలుద్దంటారు, నిజమేనా అని. అన్నం ముందు ఉంది, వినేవాళ్ళు నలుగురున్నారు. నాలో ఉన్న పురుగు లేచింది. గుడివాడలో ఒక పెళ్ళిలో సిలిండరు పక్కకు పడి, మూతి ఊడి, రాకెట్టులా లేచిందని చెప్పాను. కల్యాణ మండపం దాటింది, చేలు దాటింది, పెడన దాకా ఎగిరి వెళ్ళి ఒక కలంకారీ అద్దకం వాళ్ళ పెరట్లో, ఎర్ర రంగు కాగుతున్న గంగాళంలో బుడుంగుమని పడింది. బయటికి తీస్తే సిలిండరంతా ఎరుపు. చూడ్డానికి బాగుందని కంపెనీ వాళ్ళు అప్పట్నుంచీ ఇళ్ళకిచ్చే సిలిండర్లన్నిటికీ ఆ రంగే వేస్తున్నారు.

అందరూ నవ్వారు. కోటయ్య నవ్వలేదు. “పెడన దాకానా!” అన్నాడంతే. నేను ఇంకో గరిటె పులుసు వేయించుకున్నాను.

శాఖకు వచ్చాక చూస్తే రిపోర్టు మీద రాంబాబు సంతకం లేదు. యజమాని సంతకం లేని రిపోర్టును గుడివాడ మేనేజరు వెనక్కి పంపేస్తాడు. శనివారం మధ్యాహ్నం మోకాళ్ళ నొప్పిని తిట్టుకుంటూ మళ్ళీ బండి తీశాను. నేను వెళ్ళేసరికి నాలుగున్నర. అతిథులు వచ్చేశారు. పిల్లలు, పెద్దలు కలిపి పాతిక మంది ప్లాస్టిక్ కుర్చీలు గుండ్రంగా వేసుకుని కూర్చున్నారు. మధ్యలో నెగడు పళ్ళెం ఉండాలి, నాకు కనబడలేదు.

దగ్గరికి వెళితే ఇసకలో గాడి కనిపించింది. మొలలోతు, రెండు మంచాల పొడుగు. ఒక చివర అడుగున పళ్ళెం, రెండో చివర సిలిండరు, దాని చుట్టూ భుజాల దాకా ఇసక కూరి ఉంది. పైపు గాడి అడుగునే పాకి ఉంది. చెవి పెడితే సన్నగా బుస్సుమంటోంది. వాసన నాకు తెలిసింది గానీ, పక్క దిబ్బ మీద ఎండుచేపలు ఆరబోసి ఉన్నాయి, కుర్చీల్లో వాళ్ళు అప్పటికే ముక్కులు మూసుకుని కూర్చున్నారు. కోటయ్యకు ముక్కుపొడుం అలవాటు, ఆయనకు ఏ వాసనా తెలియదు.

రాంబాబు ఎదురొచ్చాడు. “మీరు చెప్పినట్టే గాలికి అడ్డం చూసుకున్నాం సార్. అయినా లైటరు అంటుకోవట్లా. నాలుగుసార్లు కొట్టాం. కోటయ్య బాబాయి వంటింట్లోంచి కాగడా తెస్తన్నాడు.”

సిలిండరు వాల్వు కట్టేశారా అన్నాను. ఎందుకండీ, ఇప్పుడే వెలిగిస్తంగా అన్నాడు.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి. వంటగ్యాసు గాలి కంటే బరువు. బయటపడితే పైకి పోదు, నీళ్ళలాగా పల్లానికి జారి కూర్చుంటుంది. చదును నేల మీదైతే సముద్రపు గాలి ఊడ్చేసేది. గాడిలోకి ఆ గాలి రాదు, రాకుండానే కదా కోటయ్య తవ్వింది. నాలుగుసార్లు వెలగక వదిలిన గ్యాసు, ఇప్పుడు వదులుతున్న గ్యాసు, అంతా ఆ గోతిలో ఉంది. అంచు మీద పాతిక జతల కాళ్ళు ఉన్నాయి. వంటపాక వైపు నుంచి కోటయ్య నూనెగుడ్డ చుట్టిన వెదురుకర్ర మండించుకుని, మంటకు చేయి అడ్డం పెట్టుకుని నడిచి వస్తున్నాడు.

ఆగమని అరిచాను. పిల్లల్ని తీసుకుని గాలి వచ్చే వైపు వెళ్ళమని కుర్చీల వాళ్ళకు చెప్పాను. వాళ్ళు లేచారు. కోటయ్య ఆగలేదు. నవ్వుతున్నాడు. “మళ్ళీ మొదలెట్టారా సార్? ఇయ్యాల ఏ ఊరు ఎగురుద్ది? బందరా?” అన్నాడు.

పరిగెత్తే మోకాళ్ళు కావు నావి. ఆయనకూ గాడికీ మధ్య పది అడుగులుండగా అడ్డంగా నిలబడ్డాను. గోతిలో సిలిండరు ఎందుకు పెట్టావయ్యా అంటే ఆయన తెల్లబోయాడు.

“మీరే గదండీ చెప్పింది! ఎగిరిపోద్దన్నారుగా. పక్కన పిల్లలుంటారు, పైకి లేస్తే ఎట్టా అని మెడ దాకా పూడ్చా. ఇదిగో, పొద్దున్నించీ తవ్వుతూనే ఉన్నా” అని ఖాళీగా ఉన్న చెయ్యి చూపించాడు. అరచెయ్యి బొబ్బలెక్కి ఉంది.

నిన్న చెప్పింది అబద్ధం అన్నాను. పాతిక మంది అతిథుల ముందు, సేఫ్టీ ఇన్‌చార్జి అని రాసున్న బ్యాడ్జీ జేబుకు పెట్టుకుని, ఆ మాట అన్నాను. పెడన లేదు, గంగాళం లేదు, అంతా నేను కల్పించింది. ఇవాళ చెబుతున్నది నిజం.

“మరి నాకెట్టా తెలిసుద్దండీ, ఏది ఏదో?” అన్నాడు కోటయ్య. కాగడా కాలి కిందికి దిగుతోంది, నూనె చుక్కలు మండుతూ ఇసకలో పడుతున్నాయి. పుస్తకంలో ఉన్న మాటలన్నీ చెప్పాను, ఆవిరి సాంద్రతని, పేలుడు పరిమితి అని. ఆయన నా భుజం మీదుగా గాడి కేసి చూస్తున్నాడు, నేనెప్పుడు తప్పుకుంటానా అన్నట్టు.

అప్పుడు అడిగాను: “బాబాయ్, తడికట్టె పెడితే గాడిలో పొగ ఏమవుద్ది?”

“లేవదు. అడుగునే కూర్చుంటది. నోరు పెద్దది చేసి ఇసిరితేగానీ కదలదు.”

“ఇదీ అంతే. కాకపోతే కంటికి కనబడదు, అగ్గి తగిలితే మొత్తం ఒక్కసారే అంటుకుంటది. నిన్ను కూడా కలుపుకునే అంటుకుంటది.”

ఆయన మెడ చాపి గాడి వైపు చూశాడు. “తడికట్టె పొగలాగా” అని తనలో తను అనుకున్నాడు. తర్వాత వెనక్కి తిరిగి, నీళ్ళ అంచు దాకా నడిచి, కాగడాను తడి ఇసకలో గుచ్చేసి వచ్చాడు.

మిగిలింది మామూలు పని. అందరి ఫోన్లూ కట్టేయించి ఇంకా దూరంగా పంపాను. గాలి వచ్చే వైపు నుంచి బోర్లా పడుకుని, ఊపిరి బిగబట్టి, చెయ్యి చాపి వాల్వు కట్టేశాను. సిలిండరు దగ్గర గాడి గోడ తెగ్గొట్టి గాలి పారేలా చేసి అరగంట ఆగాం. తర్వాత కోటయ్యే పార అందుకున్నాడు. సిలిండరును పైకి తీసి దూరంగా నిలబెట్టాం. పళ్ళేన్ని చదును నేల మీద పెట్టి, సముద్రం వైపు నాలుగడుగుల ఎడంలో ఇనప రేకు నిలబెట్టాం. పొద్దు వాలకముందే మంట లేచింది, నిటారుగా.

అతిథులు చప్పట్లు కొట్టారు. కోటయ్య కొట్టలేదు. నా పక్కన కూర్చుని పొడుం పీల్చి, మెల్లగా అన్నాడు: “నాకు గాడి తీయటం తెలుసు. అందులో సిలిండరు పెట్టాలని మటుకు తెలీదు. మీ మాట నమ్మి పెట్టా.” అందులో కోపం లేదు. ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది.

సోమవారం గుడివాడ నుంచి సంజాయిషీ అడుగుతూ మెమో వచ్చింది, నేను మొదటి రిపోర్టు రద్దు చేసి కొత్తది పంపినందుకు కారణం రాయమని. ‘తనిఖీ అనంతరం నేల మట్టంలో మార్పు సంభవించినది’ అని రాశాను. అది అబద్ధం కాదు. రాంబాబు ద్వారా సంగతి విన్న మేనేజరు ఫోను చేసి, సిలిండరు ఎందుకు పూడ్చారట అని అడిగాడు. నేను చెప్పబట్టి అన్నాను. మళ్ళీ కథలు చెప్పకు, అసలు సంగతి చెప్పమన్నాడు. మూడుసార్లు చెప్పినా నమ్మలేదు. చివరికి ‘వినియోగదారుని అవగాహనా లోపము’ అని ఆయనే రాసుకుని ఫైలు మూసేశాడు. కోటయ్య మీద పడిన ఆ ముక్కను తీసెయ్యమని ఉత్తరం రాశాను. జవాబు రాలేదు.

ఆ తర్వాత మూడేళ్ళు పనిచేసి, మోకాళ్ళు మొరాయించి, యాభై నాలుగేళ్ళకే స్వచ్ఛందంగా విరమించాను. ఆ మూడేళ్ళలో పని పద్ధతి ఒకటి మార్చుకున్నాను. అర్థమైందా అని ఎవర్నీ అడగలేదు. అర్థమైందనే అంటారు, వాళ్ళకు నిజంగానే అర్థమవుతుంది, తమకు తెలిసిన పని ప్రకారం. వంటవాడికి గాలికి అడ్డం అంటే గొయ్యి. రొయ్యల రైతుకు గట్టు. కాబట్టి సంతకం పెట్టే ముందు, రేపు నేను లేనప్పుడు దీన్ని ఎక్కడ పెడతారో ఇప్పుడే పెట్టి, ఎలా వెలిగిస్తారో వెలిగించి చూపించమనేవాణ్ణి. ప్రతి తనిఖీకీ గంట అదనంగా పట్టేది. సగం మంది తప్పు చేసేవాళ్ళు. ఆ గంటకు ఏజెన్సీ ఏమీ ఇవ్వలేదు, రిపోర్టులో దానికి గడి కూడా లేదు.