కళ్లు మూసుకున్న పావుగంట

కరోనా రెండోసారి విరుచుకుపడిన ఎండాకాలం అది. సూరత్‌లో, డిండోలిలో ఒక్క గదిలో నేనూ నా భార్యా ఉండేవాళ్లం. నేను పనిచేసే మరమగ్గాలు, మా మాటలో సాంచాలు, సగం బందయ్యాయి. అంబులెన్సు కూత వినపడితే చాలు, అది మా గల్లీలోకి తిరగకుండా పోయేదాకా ఇద్దరం మాటలు ఆపేసేవాళ్లం.

నా ధైర్యమంతా ప్రాణాయామమే. నడుం నొప్పికని మొదలుపెట్టిన యోగా ఏడాది తిరిగేసరికి నాకు పూజతో సమానమైంది. పన్నెండు గంటల డ్యూటీ చేసొచ్చి కూర్చుంటే, పక్కింటి టీవీ, నల్లా దగ్గర కొట్లాట, ఏదీ పావుగంట పాటు వినపడేది కాదు. పార్కులో నేర్పించే గుజరాతీ పెద్దాయన, అది ఏళ్ల సాధన మీదగానీ రాదన్నాడు. పొంగిపోయాను. నిజానికి అందులో నా గొప్పేం లేదు. ఇరవై ఏళ్లు సాంచాల మధ్య బతికినవాడి చెవి దానంతటదే మూసుకుంటుంది. మావాళ్లు నడుస్తున్న మగ్గం పక్కనే పడుకుని గుర్రు పెడతారు, వాళ్లనెవరూ యోగులనరు. ఆ సంగతి నాకప్పుడు తట్టలేదు.

నా భార్యకు జ్వరమొచ్చింది. ఐదో రోజు పొద్దున దిగింది, కాస్త గంజి కూడా తాగింది. గండం గడిచిందనుకుని, దేవుడికి దండం పెట్టుకున్నట్టూ ఉంటుందని, చాప పరుచుకుని గోడవైపు తిరిగి కూర్చున్నాను. ఆ రోజు కుదిరినంత బాగా ఎప్పుడూ కుదరలేదు. అన్నాళ్ల భయం దిగిపోయింది. నేనున్నాననే సంగతి కూడా మరిచిపోయాను.

కళ్లు తెరిచి వెనక్కి తిరిగితే ఆమె మంచం మీద లేదు. తలుపు దగ్గర నేల మీద ఒరిగి ఉంది. పెదాలు నేరేడుపళ్లు తిన్నట్టున్నాయి. కిందింటివాళ్లు గుమ్మంలోంచే ఆక్సీమీటరు అందించారు. ఆమె వేలికి పెడితే డెబ్బై తొమ్మిది చూపించింది. ఆటోలో తిరిగిన రెండు ఆసుపత్రుల్లో మంచాలు ఖాళీ లేవన్నారు. మూడోచోట ఆమెను లోపలికి తీసుకెళ్లి నన్ను గేటు దగ్గరే ఆపేశారు.

పదకొండు రోజులు ఆ గేటు బయటే ఉన్నాను. లోపలినుంచి ఎవరి పేరు పిలిచినా గేటు దగ్గరికి పరుగెత్తేవాణ్ని. కళ్లు మూసుకోవాలంటేనే భయం. గుండె నిండా గాలి పీలిస్తే, ఆమెకు అందాల్సింది నేను దొంగిలించినట్టుండేది. తెలిసిన దేవుళ్లందరికీ మొక్కాను, ఒక్కరి ముందూ మనసు నిలవలేదు.

ఆమె బతికొచ్చింది. నా భయం మాత్రం పోలేదు. అడగాల్సిన మాట ఒకటి మిగిలిపోయింది. రేపడుగుదాం, ఎల్లుండడుగుదాం అని నెల గడిపాను. ఒకరోజు ఆమె బియ్యం ఏరుతుంటే అడిగేశాను, ఆ రోజు నన్ను పిలిచావా అని.

ఆమె చేటలోంచి తలెత్తలేదు.

"మూడుసార్లు పిలిసిన," అంది. "దేవుని దగ్గర కూసున్నవ్ గదా, జర ఆగుదామని ఊకున్న."